13,200 కోట్ల మార్కులు నిజంగా కట్టలేనంత బాకీయా? మెయిన్స్ జవాబు దగ్గర ఇరుక్కుపోయాను

అశోక్‌నగర్_రెండో_అటెంప్ట్

అందరికీ నమస్తే. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాస్తున్నాను, ఇది రెండోసారి. ఉండేది అశోక్‌నగర్ హాస్టల్లో, చదివేది చిక్కడపల్లి లైబ్రరీలో. ప్రపంచ చరిత్రలో ఒక ప్రశ్న దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

పోయిన ఆదివారం టెస్టులో 15 మార్కులకు ఇలా అడిగారు: "రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కుదిరిన శాంతి ఒప్పందాలు శాంతిని ఎందుకు నిలపలేకపోయాయి? యుద్ధ నష్టపరిహారాల పాత్రను చర్చించండి."

చూడగానే సంతోషమేసింది, ఎందుకంటే ఇది నాకు కంఠతా వచ్చు. 1919లో వర్సైల్స్ సంధి జర్మనీని అవమానించింది. 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం మోపింది. అది కట్టడానికి జర్మనీ నోట్లు అచ్చేసింది, ద్రవ్యోల్బణం వచ్చింది, జనం రోడ్డున పడ్డారు, హిట్లర్ వచ్చాడు, యుద్ధం వచ్చింది. పక్కన డబ్బాలు గీసి బాణాలు కూడా పెట్టాను. 1923లో లోజాన్ ఒప్పందంతో పరిహారం రద్దయిందని చివర్లో ఒక లైను రాశాను.

నాలుగు మార్కులొచ్చాయి. దిద్దినవారు ఎర్ర ఇంకుతో ఒకే వాక్యం రాశారు: "బాణం గుర్తులు కారణాలు కావు." రూమ్మేట్ అది చూసి ఒక పూటంతా నవ్వింది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత లైబ్రరీలో రెండు పుస్తకాలు ముందేసుకున్నాను. ఒకటేమో బ్రిటన్ ఆర్థికవేత్త కీన్స్ చెప్పినట్టు అది జర్మనీ మోయలేని బరువు అంటుంది. ఇంకోటేమో ఆ అంకెలో సగానికి పైగా ఉత్త కాగితమే, జర్మనీ కట్టగలిగీ కట్టలేదు అంటుంది. ఏది నిజం? ఆ రోజుల్లో కుదిరిన ఒప్పందాలన్నీ దండగేనా, కొన్నయినా పనిచేశాయా? హిస్టరీ నా డిగ్రీ సబ్జెక్టు కాదు (బీఎస్సీ కెమిస్ట్రీ), కొంచెం అర్థమయ్యేలా చెప్పండి.


చాదర్‌ఘాట్_చాయ్

ఇంత టెన్షన్ ఎందుకు. వర్సైల్స్ కఠినం, నానాజాతి సమితి బలహీనం, హిట్లర్ దుర్మార్గుడు. మూడు పాయింట్లు, మూడు పేరాలు. ఎగ్జామినర్‌కి టైమెక్కడిది? పీడీఎఫ్ నోట్సు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.


రికవరీ_సెక్షన్_రిటైర్డ్

పై తమ్ముడు చెప్పిన మూడు పేరాలకే ఆ అమ్మాయికి నాలుగు మార్కులొచ్చాయి. వదిలేద్దాం.

తల్లీ, నేను చరిత్ర చదివినవాణ్ని కాదు. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు చేశాను, అందులో పదకొండేళ్లు మొండి బకాయిల సెక్షన్. రిటైరయ్యాక ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకోవడం అలవాటైంది. అట్ట లేని ఒక పుస్తకంలో ఈ పరిహారాల కథ చదువుతుంటే, ఇది మా సెక్షన్ ఫైలే కదా అనిపించింది. కనుక ఇది బ్యాంకువాడి చూపు అనుకునే చదువు.

ముందు ఆ పెద్ద అంకె. 1921 మేలో లండన్‌లో ఖరారు చేశారు. మొత్తాన్ని మూడు రకాల బాండ్లుగా విడగొట్టారు. ఎ బాండ్లు 1,200 కోట్లు, బి బాండ్లు 3,800 కోట్లు, సి బాండ్లు 8,200 కోట్లు. వసూలు మొదలుపెట్టేది ఎ, బి మీదే. సి బాండ్లను మాత్రం, జర్మనీకి కట్టే తాహతు వచ్చిందని పరిహారాల కమిషన్‌కి నమ్మకం కుదిరినప్పుడు జారీ చేస్తారట. ఆ రోజు రాదని రాసినవాళ్లకు తెలుసు. మరెందుకు రాశారంటే, "జర్మనీ దగ్గర ఆఖరి పైసాదాకా పిండుతాం" అని ఎన్నికల్లో చెప్పుకున్న నాయకులు ఇంటికెళ్లి జనానికి ఏదో ఒకటి చూపించాలి. మేమూ ఎప్పటికీ రాని వడ్డీని కలిపేసి నోటీసులో పెద్ద అంకె వేసేవాళ్లం. అది బాకీదారు కోసం కాదు, హెడ్డాఫీసు కోసం.

కాబట్టి నిజమైన బాకీ 5,000 కోట్లు. ఏటా 200 కోట్లు, దాని మీద ఎగుమతుల విలువలో 26 శాతం. చిన్నదని నేననను. కానీ నువ్వు రాసిన అంకె, జర్మనీ నిజంగా కట్టాల్సిన అంకె ఒకటి కాదు. ఈ ఒక్క ముక్క రాసినా దిద్దేవాడు కళ్లజోడు సవరించుకుంటాడు.

మా సెక్షన్‌లో మొదటి రోజే చెప్పేవారు: కట్టలేనివాడు వేరు, కట్టనివాడు వేరు, ముందు అది తేల్చుకో అని. 1871లో ఫ్రాన్స్ ఓడిపోతే జర్మనీ 500 కోట్ల ఫ్రాంకులు అడిగింది. ఫ్రాన్స్ బాండ్లు అమ్మి, 1873 సెప్టెంబరుకల్లా, గడువు ఇంకా ఉండగానే కట్టేసింది. ఎందుకంటే జర్మన్ సైన్యం ఫ్రెంచి జిల్లాల్లో కూర్చుని, వాయిదా అందినకొద్దీ కొంచెం కొంచెం ఖాళీ చేస్తూ పోయింది. కడితే ఇల్లు ఖాళీ అవుతుందన్న లెక్క ప్రతి ఫ్రెంచివాడికీ అర్థమైంది. 1919లో జర్మనీవాడికి అలాంటి లెక్క ఏదీ కనపడలేదు. యుద్ధం దాదాపు అంతా పరాయి నేల మీద జరిగింది, బెర్లిన్‌లో ఒక్క గోడ కూలలేదు. "మనం నిజంగా ఓడామా?" అన్న అనుమానం వాళ్లకి పోనేలేదు. ఓడిపోయానని ఒప్పుకోనివాడు జరిమానా ఎందుకు కడతాడు?

నోట్లు అచ్చేసిన సంగతికొస్తాను, ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. పరిహారం బంగారు మార్కుల్లో. కాగితం మార్కు విలువ పడితే ఆ బాకీ పైసా తగ్గదు. తగ్గిపోయింది ఏమిటంటే, జర్మన్ ప్రభుత్వం సొంత జనానికి బాకీపడ్డ యుద్ధ బాండ్లు. పన్నులు పెద్దగా వెయ్యకుండా అప్పుల మీదే యుద్ధం చేశారు, గెలిస్తే ఓడినవాడి దగ్గర వసూలు చేసుకోవచ్చని. ఓడాక ఆ అప్పంతా ఇంట్లోనే మిగిలింది. 1914లో డాలరుకు 4.2 మార్కులు. 1922 డిసెంబరుకే ఏడు వేలు దాటింది. 1923 నవంబరులో 4.2 లక్షల కోట్లు! జీవితమంతా దాచుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌తో ఒక రొట్టె ముక్క కూడా రాదు. పరిహారం కోసం విదేశీ మారకం కొనడం కూడా మార్కును కిందికి లాగింది, కాదనను. కానీ "పరిహారం కట్టడానికే నోట్లు అచ్చేశారు" అని ఒక్క బాణం గీసేస్తే సగం కథ మాయమవుతుంది.

ఇక రూర్. 1922 చివర్లో టెలిగ్రాఫ్ స్తంభాల కలప బకాయి, ఆ వెంటనే బొగ్గు బకాయి. ఆ సాకుతో 1923 జనవరి 11న ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్ బొగ్గు గనుల ప్రాంతంలోకి దిగాయి. కార్మికులు పని మానేశారు, బెర్లిన్ ప్రభుత్వం వాళ్లకు ఇంట్లో కూర్చోబెట్టి అచ్చేసిన నోట్లతో జీతాలిచ్చింది. ద్రవ్యోల్బణం ఆకాశానికి పోయింది ఆ ఏడే.

ఇది చదివినప్పుడు నాకు జీడిమెట్లలో ఒక యూనిట్ గుర్తొచ్చింది. తొంభైల్లో సంగతి. నాలుగు వాయిదాలు తప్పాడని పోలీసుల్ని వెంటబెట్టుకుని వెళ్లి షెడ్డుకు తాళం వేశాం. నేనే సీలు వేశాను, చాలా గొప్ప పని చేసినట్టు. లోపల ఆరు లేత్ మిషన్లు. ఏడాదిన్నర తర్వాత వేలానికి తాళం తీస్తే తుప్పు పట్టి ఉన్నాయి. పనివాళ్లు ఎప్పుడో బాలానగర్ వెళ్లిపోయారు. వాచ్‌మన్ జీతం, షెడ్డు అద్దె పోను మాకు మిగిలిందెంతో చెబితే నవ్వుతారు. ఫ్రాన్స్‌కి రూర్‌లో కొంత బొగ్గు దక్కింది, లెక్క చూస్తే ఖర్చులు పోను కాస్త మిగిలిందనే అంటారు. కానీ వాళ్ల ఫ్రాంకు కూడా పడిపోయింది, బ్రిటన్, అమెరికా ముఖం తిప్పుకున్నాయి, జర్మనీలో దాదాపు అన్ని పార్టీలూ ఒక్కటయ్యాయి.

నా దృష్టిలో అసలు తప్పు ఎక్కడంటే గ్యారంటర్ దగ్గర. దీన్ని జవాబులో ఎవరూ రాయరు. ఫ్రాన్స్‌కి కావలసింది డబ్బొక్కటే కాదు, మళ్లీ జర్మనీ మీదకొస్తే తోడొచ్చేవాడు. రైన్ నది దాకా భూమిని జర్మనీ నుంచి విడదీయాలన్న పట్టు ఫ్రాన్స్ ప్రధాని క్లెమెన్సో వదులుకున్నది, అమెరికా, బ్రిటన్ రెండూ "నీ మీద దాడి జరిగితే మేమొస్తాం" అని హామీ ఒప్పందాలు రాసిచ్చాయి కాబట్టి. వర్సైల్స్ మీద సంతకాలైన 1919 జూన్ 28నే అవీ సంతకమయ్యాయి. తర్వాత అమెరికా సెనేట్ వర్సైల్స్ సంధినే రెండుసార్లు తిప్పికొట్టింది, 1919 నవంబరులో ఒకసారి, 1920 మార్చిలో మళ్లీ. హామీ ఒప్పందాన్ని చర్చకే తీసుకోలేదు. అమెరికా రాకపోతే మా హామీ కూడా చెల్లదని బ్రిటన్ తన కాగితంలో ముందే రాసుకుంది. గ్యారంటర్లిద్దరూ ఒక్క దెబ్బతో జారుకున్నారు! ఇక ఫ్రాన్స్ ఏం చేస్తుంది? తాకట్టు గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఫ్రాన్స్ మొండితనం అంటారు కదా, అది ఒంటరివాడి భయం.

1924లో డావ్స్ ప్రణాళిక. మా భాషలో రీషెడ్యూలింగ్. మొదటి ఏడు 100 కోట్లు, ఐదో ఏటికి 250 కోట్లు. కస్టమ్స్ సుంకం, సారా, పొగాకు, బీరు, పంచదార మీద పన్నులు జామీను. బెర్లిన్‌లో పార్కర్ గిల్బర్ట్ అనే ముప్ఫై రెండేళ్ల అమెరికా కుర్రాణ్ని పైన కూర్చోబెట్టారు, కోర్టువారి రిసీవరు లాగా. నడిపించడానికి 80 కోట్ల మార్కుల కొత్త అప్పు కూడా ఇచ్చారు, అందులో ఎక్కువ భాగం అమెరికా డబ్బు. ఆ తర్వాత అమెరికా ప్రైవేటు అప్పులు వరదలా వచ్చాయి. జర్మనీ ఆ డబ్బుతో ఫ్రాన్స్, బ్రిటన్‌లకు కట్టేది. వాళ్లు దాంతో అమెరికాకి తమ యుద్ధ బాకీలు కట్టేవారు. అమెరికా మళ్లీ జర్మనీకి అప్పిచ్చేది. పాత అప్పు తీరినట్టు చూపించడానికి కొత్త అప్పివ్వడాన్ని మేం ఎవర్‌గ్రీనింగ్ అంటాం, దొరికితే ఉద్యోగం పోతుంది. ఇక్కడ మాత్రం డావ్స్‌గారికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

1929లో యంగ్ ప్రణాళిక వచ్చింది. మొత్తం తగ్గించారు కానీ వాయిదాలు 1988 దాకా సాగదీశారు. 1929లో పుట్టిన పిల్లవాడు రిటైరయ్యేదాకా అన్నమాట. ఇంతలో వాల్ స్ట్రీట్ కూలింది, అమెరికా డబ్బు వెనక్కి పోయింది. 1931లో అధ్యక్షుడు హూవర్ ఏడాది పాటు చెల్లింపులన్నీ ఆపాడు. 1932లో 300 కోట్లకు వన్ టైమ్ సెటిల్‌మెంట్ అన్నారు, అదీ అమల్లోకి రాలేదు. సరుకు, నగదు అన్నీ కలుపుకుంటే జర్మనీ కట్టింది దాదాపు 2,000 కోట్ల మార్కులు. హిట్లర్ గద్దెనెక్కేటప్పటికి పరిహారం అనేదే లేదు తల్లీ. 1932లోనే చచ్చిపోయింది, అతను వచ్చింది 1933 జనవరిలో. నీ చివరి బాణం అక్కడ విరుగుతుంది.

నా మాట ఒక్కటే. అంకె పెద్దదవడం వల్ల చెడలేదు. గట్టిగా వసూలు చేసినా ఒక దారి, మొదట్లోనే మాఫీ చేసినా ఒక దారి. వాళ్లు రెండూ చెయ్యకుండా పదమూడేళ్లు ఏటేటా ఒక కాన్ఫరెన్సు పెట్టుకుని, ప్రతిసారీ కొంచెం తగ్గించి, ప్రతిసారీ జర్మనీ పల్లెల్లో ఎవడో ఒకడు మైకు పట్టుకుని తిట్టడానికి సరుకు అందించారు.


దిల్‌సుఖ్‌నగర్_టీచరమ్మ

రికవరీ సార్ రాసింది చదువుతూ ఉప్మా మాడ్చేశాను. బాగుంది, కానీ రెండు చోట్ల ఒప్పుకోను. నేను హైస్కూలు సోషల్ చెబుతాను.

మొదటిది, అప్పు పోలిక. అప్పు తీసుకున్నవాడు కనీసం ఆ డబ్బు వాడుకుంటాడు. జర్మనీ వాడుకున్నది ఏమీ లేదు, ఇది జరిమానా. ఆ జరిమానాకి ముందు పెట్టిన వాక్యమే కొంప ముంచింది. ఆర్టికల్ 231లో "జర్మనీ, దాని మిత్రులు చేసిన దాడి వల్ల కలిగిన నష్టానికి జర్మనీ బాధ్యత ఒప్పుకుంటుంది" అని రాయించారు. తమాషా ఏమిటంటే తర్వాతి ఆర్టికల్ 232లోనే, అంతా భరించే శక్తి జర్మనీకి లేదని మిత్రదేశాలే ఒప్పుకుని, పౌరులకు జరిగిన నష్టానికే పరిమితం చేశాయి. అంటే 231 తలుపు బార్లా తెరిస్తే 232 సగం మూసింది. కానీ జర్మనీలో ఎవరూ 232 చదవలేదు. ఇదే వాక్యం ఆస్ట్రియా సంధిలోనూ, హంగరీ సంధిలోనూ ఉంది. అక్కడ దాని మీద ఇంత రాద్ధాంతం జరగలేదు. హంగరీకి కడుపుమంట వేరే, 1920 ట్రయనాన్ సంధిలో మూడింట రెండు వంతుల భూభాగం పోయింది. కాబట్టి డబ్బు ఎంత అన్నదానికన్నా, ఏ దేశం దేన్ని అవమానం అనుకుంది అన్నది చూడమ్మా.

రెండోది, కట్టడం ఎలా అన్న ప్రశ్న. బంగారంగానో డాలర్లుగానో కట్టాలంటే జర్మనీ కొన్నదానికన్నా ఎక్కువ అమ్మాలి. కొనేదెవరు? 1922లో, మళ్లీ 1930లో అమెరికా దిగుమతి సుంకాలు పెంచేసింది. నువ్వు కట్టి తీరాలి, కానీ నీ సరుకు మా బజారులోకి రాకూడదు అంటే ఎలా? ఉల్లిగడ్డలమ్మి అద్దె కట్టమని, మలక్‌పేట మార్కెట్ గేటు మూసేసినట్టు. సార్ దీన్ని వదిలేశారు.

ఇక నీ రెండో ప్రశ్న: పనిచేసిన ఒప్పందాలు ఉన్నాయా? ఉన్నాయి. పిల్లలకు నేను తప్పకుండా చెప్పేది 1925 అక్టోబరు గ్రీస్-బల్గేరియా గొడవ. సరిహద్దులో కాల్పులు, గ్రీకు సైన్యం బల్గేరియాలోకి వెళ్లింది. నానాజాతి సమితి వెనక్కి రమ్మంది, వచ్చేసింది. నష్టపరిహారం 45,000 పౌండ్లు కట్టమంది, గ్రీస్ కట్టింది. చిన్న అంకె, చిన్న గడువు, పక్షం వహించని తీర్పరి. అన్నీ కుదిరితే పరిహారం పనిచేస్తుందనడానికి ఇదే నా ఉదాహరణ.

కానీ రెండేళ్ల ముందు, 1923లో, ఇటలీ ఇదే గ్రీస్ మీద కోర్ఫూ దీవిలో ఫిరంగులు పేల్చి ఆక్రమించుకుంటే, గ్రీసే ఇటలీకి 5 కోట్ల లీరాలు కట్టాల్సి వచ్చింది! పెద్దవాడికో న్యాయం, చిన్నవాడికో న్యాయం అని గ్రీకులు అన్నారంటే అనరా మరి.

1922 వాషింగ్టన్ నౌకా ఒప్పందం కూడా రాయి. బ్రిటన్, అమెరికా, జపాన్‌ల పెద్ద యుద్ధనౌకలకు 5:5:3 నిష్పత్తి పెట్టారు. దాన్ని పాటించి, అప్పటికే కట్టిన ఓడల్ని కూడా తుక్కు చేశారు. 1930ల మధ్యలో జపాన్ తప్పుకునేదాకా నిలబడింది. టన్నులు లెక్కపెట్టొచ్చు కాబట్టి పనిచేసింది. 1925 లొకార్నో మాత్రం సగమే: జర్మనీ పడమటి సరిహద్దులకు హామీ ఇచ్చారు, తూర్పున పోలండ్, చెకోస్లోవాకియా వైపు ఇవ్వలేదు. ఇంటికి ముందు తలుపు వేసి దొడ్డి తలుపు తీసి పెట్టినట్టు. 1928 కెల్లాగ్-బ్రియాండ్ ఒప్పందం యుద్ధమే వద్దంది, ఉల్లంఘిస్తే ఏం చేస్తారో ఒక్క ముక్క లేదు. మొదటి రోజు సంతకం చేసిన పదిహేను దేశాల్లో మన ఇండియా కూడా ఒకటి, సంతకం పెట్టింది ఇంగ్లీషు ప్రభువే అయినా. అది మాత్రం పూర్తిగా దండగ కాదు, రెండో యుద్ధం తర్వాత నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో దురాక్రమణ యుద్ధం నేరమనడానికి అదే పనికొచ్చింది.


పురానీహవేలీ_పిల్ల

అక్కా, మీ జవాబులో ఇంకో తప్పుంది, ఎవరూ పట్టుకోలేదు. లోజాన్ రెండు. 1923 జులై 24 లోజాన్ సంధి టర్కీతో. పరిహారాలకు మంగళం పాడింది 1932 లోజాన్ కాన్ఫరెన్సు. ఊరొక్కటే, స్విట్జర్లాండ్‌లో సరస్సు పక్కన. మీరు రెంటినీ కలిపేశారు. మా కాలేజీలో కూడా సగం మంది ఇలాగే రాస్తారు.

1923 లోజాన్‌ని మాత్రం పాసయిన లిస్టులో పెట్టాలి. అంతకుముందు 1920 ఆగస్టు 10న సెవ్రెస్ సంధి అని ఒకటి సుల్తాను ప్రభుత్వం చేత సంతకం చేయించారు, టర్కీని ముక్కలు చేస్తూ. టర్కీ జాతీయవాదుల నాయకుడు ముస్తఫా కెమాల్ ఒప్పుకోలేదు, యుద్ధం చేసి గెలిచాడు. మళ్లీ బల్ల దగ్గర కూర్చుని రాసుకున్నదే లోజాన్. మొదటిది నోరు మూయించి రాయించింది, రెండోది ఇద్దరూ బేరమాడి రాసుకున్నది. ఆ సరిహద్దులు చాలామటుకు ఇవాళ్టికీ అవే. పరిహారం సంగతి చూడండి: టర్కీ ప్రధాన భూభాగం అనటోలియాలో చేసిన నష్టానికి పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత ఉందని గ్రీస్ ఒప్పుకుంది, గ్రీస్ దగ్గర డబ్బు లేదు కనుక అడగబోమని టర్కీ ఒప్పుకుంది, బదులుగా కారాఆచ్ అనే చిన్న ఊరు తీసుకుంది. ఎవరి పరువూ పోలేదు. కానీ దాన్ని మరీ పొగడకండి, అదే లోజాన్‌లో పది లక్షలకు పైగా క్రైస్తవుల్ని టర్కీ నుంచి గ్రీస్‌కి, లక్షల ముస్లింలను గ్రీస్ నుంచి టర్కీకి మార్చేశారు. శాంతి ఎవరి లెక్కలో అన్నది కూడా రాయాలి.

ఇది మా ఇంటి పక్క కథ అక్కా, అందుకే ఇంత రాస్తున్నా. సెవ్రెస్‌తో ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం ఇంకా మండింది. 1924 మార్చి 3న టర్కీవాళ్లే ఖలీఫా పదవి రద్దు చేసి ఆయన్ని దేశం దాటించారు. ఆఖరి ఖలీఫా ఫ్రాన్స్‌లో ఉంటే నెలనెలా డబ్బు పంపింది మన నిజాం. 1931లో ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్‌ని, వాళ్ల బంధువు నిలోఫర్‌ని నీస్ పట్టణంలో నిజాం పెద్ద కొడుకులిద్దరూ పెళ్లి చేసుకున్నారు. నేను పుట్టింది నిలోఫర్ ఆస్పత్రిలో. చిన్నప్పుడు జ్వరమొస్తే మా నానీ తీసుకెళ్లేది పురానీ హవేలీ దగ్గరి దుర్రుషెహ్వార్ పిల్లల ఆస్పత్రికి. రెండూ ఆ రద్దు వల్ల ఇల్లు పోయిన ఆడపిల్లల పేర్లే.

ఇంకో విచిత్రం. 1918లో పాలస్తీనాలో ఆ ఉస్మానియా తురుష్కుల సైన్యంతో పోరాడిన దళంలో హైదరాబాద్ లాన్సర్లు (నిజాం గుర్రపు దళం) కూడా ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తిలో మూడు బొమ్మలున్నాయి కదా, జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ సైనికుల గుర్తుగా. పదమూడేళ్లు తిరిగేసరికి వియ్యంకులయ్యారు.


రికవరీ_సెక్షన్_రిటైర్డ్

టీచరుగారూ, ఉల్లిగడ్డల దెబ్బ తగిలింది, ఒప్పుకుంటున్నాను. అప్పిచ్చినవాడే గిరాకీ ఆపేస్తే వసూలు కాదు. మా బ్యాంకే ఒక యూనిట్‌కి వర్కింగ్ క్యాపిటల్ ఆపేసి, టర్మ్ లోను వాయిదా కట్టలేదని నోటీసిచ్చిన రోజులున్నాయి. నేనే టైపు చేయించాను.

జరిమానా మాట దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను. 1918లో వెనక్కి పోతూ జర్మన్లు ఉత్తర ఫ్రాన్స్ బొగ్గు గనుల్లో నీళ్లు నింపి పోయారు. ఆ గనుల్ని మళ్లీ బాగు చేసుకోవడానికి ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి కదా. జర్మనీ కట్టకపోతే ఆ ఖర్చు మాయం కాదు, ఫ్రెంచి రైతు పన్నులో కలుస్తుంది. కీన్స్ పుస్తకం చదివిన ఇంగ్లండ్‌లో ఈ రైతు గురించి ఎవరూ ఏడవలేదు. ఆయన మేధావే, మన రూపాయి మీద కూడా 1913లో పుస్తకం రాశాడు, లండన్ ఇండియా ఆఫీసులో పనిచేసినవాడు. కానీ ఆయన రాసిన తీరు వల్ల బాకీదారు కన్నీళ్లే లోకానికి కనపడ్డాయి.

పురానీ హవేలీ బిడ్డా, నీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. మా పెద్దవాడూ నిలోఫర్‌లోనే.

ఇంకో సంగతి, మార్కులకు పనికిరాదు. డావ్స్, యంగ్ ప్రణాళికల కోసం అమ్మిన బాండ్లున్నాయే, వాటి బాకీ 1953 లండన్ ఒప్పందంలో మళ్లీ సర్దారు. కొంత వడ్డీని జర్మనీ మళ్లీ ఒకటయ్యేదాకా పక్కన పెట్టారు. 1990లో ఒకటైంది, కట్టడం మొదలుపెట్టింది. ఆఖరి వాయిదా 2010 అక్టోబరు 3న కట్టారు. నేను రిటైరైంది 2010 సెప్టెంబరు 30న. మూడు రోజుల తేడాలో తప్పించుకున్నాను.


అశోక్‌నగర్_రెండో_అటెంప్ట్

అంకుల్, మేడమ్, చెల్లీ, ముగ్గురికీ చాలా థాంక్స్. లోజాన్ సంగతి చూసి సిగ్గేసింది, రెండు సంవత్సరాలుగా అదే నోట్సు చదువుతున్నాను.

మొత్తం జవాబు మళ్లీ రాశాను. బాణాలు తీసేశాను. ఎ, బి, సి బాండ్లతో మొదలుపెట్టి, హామీ ఒప్పందాలు జారిపోవడం మధ్యలో పెట్టి, గ్రీస్-బల్గేరియా, టర్కీ లోజాన్‌లను వర్సైల్స్ పక్కన పెట్టి పోల్చాను. మేడమ్ చెప్పిన సుంకాల పాయింటు కూడా. 250 పదాల్లో పట్టక నాలుగుసార్లు కొట్టేశాను. నౌకా ఒప్పందానికి ఒక్క లైనే దక్కింది.

దిద్దినవారికే మళ్లీ చూపించాను. ఎనిమిదిన్నర వేశారు. ఒక్కచోట మాత్రం "ఫ్రాన్స్‌కు గ్యారంటర్లు దక్కలేదు" అన్న వాక్యం కింద గీత గీసి పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు.


రికవరీ_సెక్షన్_రిటైర్డ్

"భద్రతా హామీదారులు" అని రాయి తల్లీ. ఆయన ఎవరికైనా జామీను సంతకం పెట్టి దెబ్బతిని ఉంటాడు.